ఫార్మాట్ కొట్టించినా బాగుపడని సిస్టమ్: ఒక ఇంటి కంప్యూటర్ కేస్ స్టడీ

ఈ డెస్క్‌టాప్ వయసు దాదాపు ఎనిమిదేళ్లు. ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంట్లో ముగ్గురు వాడతారు. రిటైరైన పెద్దాయన పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసుకుంటారు, కూతురు వీడియో కాల్స్ మీద ఆఫీసు పని చేసుకుంటుంది, మనవడు చదువు పేరుతో ఆడుకుంటాడు.

వాళ్లు చెప్పిన బాధలు నాలుగు. ఆన్ చేశాక ఏ పనైనా మొదలుపెట్టాలంటే పావుగంట ఆగాలి. వీడియో కాల్ మధ్యలో ఠక్కున ఆరిపోతుంది, ఒక్కోసారి తనంతట తనే మళ్లీ ఆన్ అవుతుంది. పొద్దున పూట బ్యాంకు, మెయిల్ లాంటి సైట్లు తెరుచుకోవు, ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటాయి. ఇక కుడివైపు కింది మూల నుంచి ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు దొరికాయి’ అంటూ హెచ్చరికలు రోజంతా వస్తూనే ఉంటాయి.

ఇవన్నీ వైరస్ పనే అని ఇంట్లో తేల్చేశారు. అంతకుముందు వేరే మెకానిక్ దగ్గర ఫార్మాట్ కొట్టించారు, ఒకసారి కాదు, రెండుసార్లు. కొట్టించిన కొన్ని వారాలు బాగుండేదట, తర్వాత మామూలే. ఆపైన డబ్బు కట్టి ఒక యాంటీవైరస్, అది చాలదని ఇంకొకటి, స్పీడ్ పెంచుతుందని ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. "ఇంత ఖర్చు పెట్టాం బాబూ, ఇక కొత్తది కొనేస్తే గొడవ వదులుతుంది కదా" అన్నది పెద్దాయన ప్రశ్న.

ఎనిమిదేళ్ల కంప్యూటర్‌లో ఒకే జబ్బు ఉండటం అరుదు. చిన్నాచితకా లోపాలు ఏళ్ల తరబడి పోగుపడి, చివరికి అన్నీ కలిసి ఒకే పెద్ద జబ్బులా కనిపిస్తాయి. దానికి వైరస్ అనో, పాతబడిందనో ఒక పేరు పెట్టేస్తాం. పేరు ఒక్కటే అయ్యాక మందు కూడా ఒక్కటే అవుతుంది: ఫార్మాట్, లేకపోతే కొత్తది. ఈ కేసులో నేను చేసిన పని నాలుగు ఫిర్యాదుల్నీ విడదీసి, దేని కారణం దానికి విడిగా వెతకడం.

ముందు అడిగిన ప్రశ్నలు

స్క్రూడ్రైవర్ తీసేముందు నేను అడిగేవి ఎప్పుడూ ఉండేవే. ఎప్పుడు జరుగుతుంది, ఏ పని చేస్తుంటే జరుగుతుంది, ఆ పని చేయకపోతే జరగకుండా ఉంటుందా, ఈ మధ్య ఏం మారింది. ఆరిపోవడం లెక్కలు రాసుకుంటున్నప్పుడు ఎప్పుడూ జరగలేదు, వీడియో కాల్, ఆటలప్పుడే జరుగుతోంది. సైట్లు తెరుచుకోని సమస్య పొద్దున మాత్రమే. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తామని కూతురు చెప్పింది. ఈ రెండు జవాబులతోనే రెండు ఫిర్యాదుల దిక్కు తెలిసిపోయింది.

చివరగా బ్యాకప్ గురించి అడిగాను. "ఉందండీ, ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టాం" అంది ఆమె. ఈ జవాబు నేను ఎన్ని ఇళ్లలో విన్నానో. సీ డ్రైవ్, డీ డ్రైవ్ రెండూ ఒకే హార్డ్ డిస్క్ మీద గీసుకున్న భాగాలు. ఒకే బీరువాలో రెండు అరలు చేసుకుని, పై అరలోని నగలకు జాగ్రత్తగా కింది అరలోనూ కొన్ని పెట్టినట్టు. విండోస్ పాడై ఫార్మాట్ కొడితే డీ డ్రైవ్ మిగులుతుంది, నిజమే. ఆ నమ్మకంతోనే ఈ అలవాటు వచ్చింది. డిస్కే పోతే రెండూ పోతాయి. ఈ జవాబు విన్నాక ఇక స్పీడ్ సంగతి పక్కన పెట్టి ముందు డిస్క్ చూడాలని నిర్ణయించుకున్నాను.

స్లో అన్నది ఎక్కడ

సిస్టమ్ ఆన్ చేసి, నానా అవస్థ పడి తెరుచుకున్నాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూశాను. ప్రాసెసర్ 10 శాతం దగ్గర తీరిగ్గా ఉంది. ర్యామ్ సగం పైన నిండి ఉంది, ప్రమాదమేమీ కాదు. డిస్క్ మాత్రం 100 శాతం. ఇక్కడ చాలామంది ఆ 100 చూసి ఆగిపోతారు, దాని కిందనే ఉన్న రెండు అంకెలు వదిలేస్తారు. డిస్క్ 100 శాతం బిజీగా ఉండి సెకనుకు 100 ఎంబీ చదువుతుంటే అది కష్టపడి పనిచేస్తున్నట్టు. ఇక్కడ సెకనుకు కొన్ని వందల కేబీ మాత్రమే కదులుతున్నాయి, సగటు రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు. అంటే ఒక ముక్క అడిగితే తెచ్చివ్వడానికి సెకన్లు పడుతోంది. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్‌కు మామూలు పనిలో ఇది పది, ఇరవై మిల్లీసెకన్ల లెక్క.

విండోస్ తనలో జరిగినవి రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే సిస్టమ్ లాగ్ నిండా డిస్క్ పేరుతో ఐడీ 7, ఐడీ 153 వరుసలు. మొదటిది చెడిన బ్లాక్ దొరికిందని, రెండోది చదవమన్న పనిని మళ్లీ చేయాల్సి వచ్చిందని. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పసుపు రంగులో హెచ్చరిక చూపించింది. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో నేను ముందు చూసేవి నాలుగే. 05 అంటే చెడిపోయి, వాటి బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గడులు). సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు. సీ6 అంటే ఎంత ప్రయత్నించినా చదవలేనివి. సీ7 అంటే డిస్క్ బాగానే ఉన్నా కేబుల్ దారిలో వచ్చిన లోపాలు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మార్చక్కర్లేదు, కేబుల్ మారిస్తే సరిపోతుంది. ఈ డిస్క్‌లో సీ7 సున్నా, మిగతా మూడూ పెరిగి ఉన్నాయి. ఒక చిన్న జాగ్రత్త: ఆ సాఫ్ట్‌వేర్ ముడి అంకెల్ని మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో చూపిస్తుంది. అక్కడ 30 కనిపిస్తే అసలు 48 అని అర్థం. సెట్టింగ్స్‌లో మామూలు అంకెలకు మార్చుకుని చదవాలి.

పావుగంట ఎందుకు పడుతుందో ఇప్పుడు చెప్పొచ్చు. ఒక సెక్టార్ చదవడం రాకపోతే ఇంటి వాడకానికి చేసే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. లోపల తిరిగే పళ్లెం మీద అదే చోటుకు, చదివే తలను మళ్లీ మళ్లీ తెచ్చి ప్రయత్నిస్తుంది, దానికి చాలా సెకన్లు తీసుకుంటుంది. అంతసేపూ విండోస్ కాచుకుని కూర్చుంటుంది, మనకు మాత్రం హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది.

రెండు ఫార్మాట్లు కొన్ని వారాలు పనిచేసినట్టు కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కొత్తగా వేసిన విండోస్ డిస్క్ మీద వేరే చోట్ల సర్దుకుంటుంది, చెడిన సెక్టార్ల మీద దాని ఫైళ్లు పడకపోవచ్చు. అప్‌డేట్లు, ఫొటోలు చేరి స్థలం నిండుతున్నకొద్దీ పని మళ్లీ ఆ చోట్లకు వెళుతుంది. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ డిస్క్ ఉపరితలాన్ని పరీక్షించదు, పాత విషయసూచికను చెరిపి కొత్తది రాస్తుంది, అంతే. ఫార్మాట్ మా వృత్తిలో చాలామందికి ఇష్టమైన పని. పెద్దగా ఆలోచించక్కర్లేదు, చేసినంతసేపూ ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. స్లో అయిన సిస్టమ్‌కు స్మార్ట్ పట్టిక చూడకుండా ఫార్మాట్ కొట్టడం తప్పని నా అభిప్రాయం. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద కొన్ని గంటల పని మోపడమే అవుతుంది.

చెక్‌డిస్క్ కూడా అంతే. దానికి ఆర్ అనే ఆప్షన్ తగిలించి నడపమని నెట్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది డిస్క్ మొత్తాన్ని మూల మూలా చదివి, చదవలేని చోట్లను వాడకం నుంచి తప్పిస్తుంది, ఫైల్ సిస్టమ్‌లో మార్పులు చేస్తుంది. డేటా మరో చోట భద్రంగా ఉంటే పరవాలేదు. లేనప్పుడు మాత్రం అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

డేటా తీసిన పద్ధతి

ఆరిపోయే జబ్బున్న సిస్టమ్‌లోనే గంటల తరబడి కాపీ పెట్టడం పిచ్చిపని. డిస్క్ విప్పి నా బెంచ్ మీది సిస్టమ్‌కు తగిలించాను. యూఎస్‌బీ అడాప్టర్ వాడకుండా నేరుగా బోర్డు మీద డిస్క్‌లు తగిలించే సాటా పోర్టుకే. పాడైన డిస్క్ చదవలేక మొరాయించినప్పుడు కొన్ని అడాప్టర్లు కనెక్షన్నే తెంపేసుకుంటాయి, లోపం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. విండోస్ కూడా వద్దు. విండోస్‌కు డిస్క్ తగిలితే అడక్కుండానే దాని మీద ఏవో రాస్తుంది, బొమ్మల చిన్న నమూనాలు తయారుచేస్తుంది, ఇండెక్స్ కడుతుంది. విండోస్ బదులు వాడే లినక్స్‌లో డిస్క్‌ను మౌంట్ చేయకుండా (అంటే ఫైళ్లు తెరిచే వీలు కల్పించకుండా), జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనంతో సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు ఒక కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీశాను.

మామూలు కాపీకీ దీనికీ తేడా ఏమిటంటే, మామూలు కాపీ చెడిన ఫైలు దగ్గర ఇరుక్కుని అక్కడే కూర్చుంటుంది. డీడీరెస్క్యూ ఇబ్బంది పెట్టే చోట్లను దాటేసి ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తెచ్చుకుంటుంది, తర్వాత కష్టమైన చోట్లకు తిరిగి వెళుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మొదటి నుంచి మొదలవదు. డిస్క్ మరీ వేడెక్కకుండా పక్కన ఒక ఫ్యాన్ పెట్టి వదిలేశాను.

దాదాపు అంతా వచ్చింది. రాని సెక్టార్లు కొన్ని ఉన్నాయి. అవి ఏ ఫైళ్లలో పడ్డాయో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కాపీలో ఆ రాని చోట్లన్నిటా ఒక గుర్తు మాటను నింపించి, ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే చాలు. విండోస్ సొంత ఫైళ్లు కొన్ని, ఒక పాత పెళ్లి వీడియో దొరికాయి. ఆ వీడియోలో ఒక చోట బొమ్మ చెదురుతుంది, మిగతాదంతా ఆడుతుంది. లెక్కల ఫైళ్లు, ఫొటోలు చెక్కుచెదరలేదు. దెబ్బతిన్న ఫైళ్ల పేర్లు రాసి ఇవ్వడం నా పద్ధతి. ‘అంతా వచ్చేసింది’ అని చెప్పి పంపిస్తే ఏడాది తర్వాత ఆ వీడియో తెరిచినప్పుడు ఎందుకు చెదురుతోందో వాళ్లకు తెలియదు.

చాలామంది నమ్మే ఇంకో చిట్కా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, కూతురు అడిగింది కాబట్టి. హార్డ్ డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందా? వద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. ఎంతో కొంత చదవగలిగే డిస్క్‌కు అది లేని రోగం తెచ్చిపెట్టడమే.

ఠక్కున ఆరిపోవడం

ఆరిపోయిన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ పేరుతో ఐడీ 41 నమోదై ఉంది. ఇది చూసి ‘కెర్నల్ పాడైంది’ అనుకుని మళ్లీ విండోస్ వేసేవాళ్లు ఉన్నారు. ఆ వరుస చెప్పేది ఒక్కటే: పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు. కారణం అందులో ఉండదు. వివరాల్లోకి వెళితే బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంది. నీలిరంగు తెర వచ్చి ఆగి ఉంటే సాధారణంగా అక్కడ ఏదో ఒక కోడ్ ఉంటుంది. సున్నా అంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. అప్పుడు అనుమానం కరెంటు మీదకు, వేడి మీదకు పోతుంది.

మూత తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి వదులుగా ఉంది. ఇంటెల్ బాక్సులో వచ్చే కూలర్లలో ఇది తరచు చూసేదే. వేడి కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడే 60 డిగ్రీల దగ్గర, కాస్త పని ఇస్తే నిమిషంలోపు 100 డిగ్రీలకు. దుమ్ము ఊదేసి, ఎండిపోయిన పాత పేస్ట్ తుడిచి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ కొత్తది బఠాణీ గింజంత వేసి, పిన్నులు సరిగ్గా నొక్కాక అదే పనికి 70 దాటి కాస్త పైకి వెళ్లి నిలబడింది.

చాలామంది ఇక్కడితో కేసు మూసేస్తారు. నాకు సందేహం తీరలేదు. ప్రాసెసర్ వేడెక్కితే అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది. వీడియో కాల్ నత్తనడక నడుస్తుంది, ఫ్యాన్ గోల పెడుతుంది, చివరి దశలోనే ఆరిపోతుంది. వీళ్లింట్లో నెమ్మదించడం ఏమీ లేకుండానే ఆరిపోతున్న సందర్భాలు ఉన్నాయి. వేడి ఒక జబ్బే, కానీ ఈ ఫిర్యాదుకు అదే కారణమని అప్పుడే అనలేం. అనుకున్నట్టే, చల్లబడ్డాక లోడ్ (బరువైన పని) పెట్టి వదిలితే మళ్లీ ఆరిపోయింది.

గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సినట్టు మార్చి ఇచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాన్నుంచి వచ్చే 12 వోల్టుల లైన్ మల్టీమీటర్‌తో చూశాను. ఊరికే ఉన్నప్పుడు 11.8, లోడ్ పెట్టాక 11.2కు జారింది. డెస్క్‌టాప్ భాగాలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటుంది, అంటే 11.4 కంటే తగ్గకూడదు. జాలీలోంచి టార్చ్ వేసి చూస్తే ఎస్‌ఎంపీఎస్ లోపల రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. నా దగ్గరున్న మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి అదే లోడ్ పెడితే గంటల తరబడి ఆరలేదు. మీటర్ రీడింగ్ కంటే ఈ మార్చి చూసే పరీక్షనే నేను ఎక్కువ నమ్ముతాను. మీటర్ సగటు వోల్టేజీ చూపిస్తుంది కానీ క్షణకాలపు ఊగిసలాటలు పట్టుకోలేదు. ర్యామ్ మీద అనుమానం మిగలకుండా మెమ్‌టెస్ట్86ప్లస్ కూడా నడిపాను, ఒక్క లోపమూ రాలేదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ మిగిలి ఉంటుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ ఎంచుకోవడంలో ఒక మాట. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్స్ కంటే పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 20 ఆంపియర్లు అని ఉంటే ఆ లైన్ ఇవ్వగలిగేది 240 వాట్లే, పైన 450 అని రాసి ఉన్నా సరే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆ లైన్ మీదే బతుకుతాయి. 80 ప్లస్ గుర్తు విద్యుత్తు వృథా ఎంత తక్కువో చెప్పేది, షార్ట్ సర్క్యూట్ అయితే బోర్డును కాపాడుతుందా అన్నది అది చెప్పదు. కంపెనీ ఎన్నేళ్ల వారంటీ ఇస్తోందన్నది నాకు దానికంటే మంచి కొలత.

పొద్దున తెరుచుకోని సైట్లు, మూలలో వైరస్‌లు

ఈ రెండూ త్వరగా తేలిపోయాయి. మదర్‌బోర్డ్ మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ 3 వోల్టులు ఉండాల్సింది 2.4కు పడిపోయింది. గోడ దగ్గర స్విచ్ వేసి ఉన్నంతకాలం బోర్డుకు వచ్చే కొద్దిపాటి కరెంటుతో గడియారం నడుస్తుంది. స్విచ్ ఆపేస్తే ఈ బ్యాటరీయే ఆధారం. అది నీరసించడంతో రాత్రి స్విచ్ ఆపగానే గడియారం ఏళ్ల వెనక్కి పోతోంది. ప్రతి సురక్షిత సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో ఇవాళ ఇంకా ఆ మొదటి తేదీ రాలేదు, అందుకే బ్రౌజర్ సైట్‌ను నమ్మదు. ఇంట్లో ఎవరో ఒకరు గడియారం చూసి తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకునేవి. ‘నెట్ పదింటికి బాగవుతుంది’ అని వాళ్లు అనుకున్నది అందుకే.

బ్యాటరీ మార్చడం ఎవరైనా చేసుకోగల పని. ప్లగ్ తీసేశాకే చేయాలి. దానికి ముందు బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) పేజీలను ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా సాటా మోడ్, బూట్ క్రమం. బ్యాటరీ తీసినప్పుడు అవి ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు వెళ్లి, విండోస్ బూట్ కాకపోతే కంగారు పడాల్సి వస్తుంది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న సిస్టమ్ అయితే 48 అంకెల రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోవాలి. బయోస్‌లో మార్పు కనిపిస్తే అది ఆ కీ అడగవచ్చు.

వైరస్ హెచ్చరికలు అసలు విండోస్ నుంచి వస్తున్నవి కావు. మనవడు ఏదో ఆటల సైట్‌లో ‘అలౌ నొక్కితేనే ముందుకెళ్తారు’ అంటే నొక్కాడు. దాంతో ఆ సైట్‌కు నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది. విండోస్ వాటిని తన నోటిఫికేషన్ల చోటే చూపిస్తుంది కాబట్టి అచ్చం సిస్టమ్ హెచ్చరికలా ఉంటాయి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నిటినీ తొలగించాను. ఆగిపోయాయి. క్లీనర్ సాఫ్ట్‌వేర్, రెండు యాంటీవైరస్‌లు కూడా వెళ్లిపోయాయి. రెండు యాంటీవైరస్‌లు ఒకే ఫైలు మీద కాపలాకు పోటీపడితే పని మందగిస్తుందే తప్ప భద్రత రెట్టింపు కాదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్, సమయానికి అప్‌డేట్లు, అడ్డమైన అలౌ నొక్కకపోవడం ఉంటే ఇంటి వాడకానికి చాలు. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే క్లీనర్ల వల్ల నేను చూసిన లాభం ఏమీ లేదు.

కొనాలా, బాగుచేయాలా

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. బాగుచేయడానికి కావాల్సినవి ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, చిప్‌లతో చేసిన స్టోరేజ్), ఒక ఎస్‌ఎంపీఎస్, బిళ్ల బ్యాటరీ, పేస్ట్. కొత్త సిస్టమ్ ధరతో పోలిస్తే చిన్న ఖర్చే. కానీ ఒక చిక్కు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లతో పాటు ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో అది దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. ఈ ఏడో తరం ఐ5 ఒక్క మెట్టు కింద ఆగిపోయింది.

దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. అలా వేసిన సిస్టమ్‌లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. డబ్బు లావాదేవీలు నడిచే కంప్యూటర్‌లో నేను అది చేయను. లినక్స్ మింట్ లాంటిది వేస్తే కూతురికి, మనవడికి బాగానే జరిగిపోతుంది, పెద్దాయన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్ మీదే నడుస్తుంది. మిగిలిన దారి, ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఈఎస్‌యూ అనే భద్రతా అప్‌డేట్ల పొడిగింపు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉంటే 2026 అక్టోబర్ 13 వరకు దాంతో నెట్టుకురావచ్చు.

పెద్దాయనకు నేను చెప్పింది ఇది: "సార్, కొత్తది కొనక తప్పదు, కానీ ఇవాళే కంగారుగా కొనక్కర్లేదు. ఇప్పుడు పెట్టే ఖర్చు రేపటి సిస్టమ్‌లోకి కూడా వెళ్లేలా చూసుకుందాం." 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ రేపు కొత్త డెస్క్‌టాప్‌లో రెండో డిస్క్‌గా పనికొస్తుంది, ల్యాప్‌టాప్ కొంటే యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకోవచ్చు. మామూలు ఏటీఎక్స్ సైజు ఎస్‌ఎంపీఎస్ కొత్త క్యాబినెట్‌లోకి మారుతుంది. ర్యామ్ మాత్రం పెంచవద్దన్నాను. ఇందులోది డీడీఆర్4, ఇప్పుడు వచ్చే బోర్డుల్లో ఎక్కువగా డీడీఆర్5 పడుతుంది. గాడి వేరు, ఒకదానిది ఇంకోదాంట్లో దూరదు. బ్రౌజర్‌లో పాతిక ట్యాబ్‌లు తెరిచి పెట్టకపోతే 8 జీబీ ఈ కొద్దికాలానికి సరిపోతుంది.

ఎస్‌ఎస్‌డీతో తేడా ఎందుకంత ఉంటుందంటే, నిమిషానికి 7200 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే పళ్లెం సగం చుట్టు తిరగడానికి 4 మిల్లీసెకన్ల పైన పడుతుంది, తల సరైన చోటికి జరగడానికి ఇంకో 8, 9. ఆ లెక్కన బాగున్న హార్డ్ డిస్క్ అయినా చిన్న చిన్న ముక్కలను సెకనుకు 80 దాకా మాత్రమే తేగలదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, వేలల్లో తెస్తుంది. విండోస్ బూట్ కావడం అంటే అలాంటి చిన్న ముక్కలు వేలకొద్దీ చదవడమే. పాత విండోస్‌ను అలాగే ఎత్తి ఎస్‌ఎస్‌డీలో దించకుండా కొత్తగా వేశాను, దాని ఫైళ్లు కొన్ని దెబ్బతిన్నాయి కదా. లైసెన్స్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంది కాబట్టి నెట్ కలపగానే తనే యాక్టివేట్ అయింది.

తర్వాత కొనబోయే సిస్టమ్ గురించి రాసిచ్చిన కాగితంలో మొదటి మాట: ‘ఐ5’, ‘ఐ7’ అన్న పేరు మాత్రమే చూసి కొనొద్దు. పాత మూడో తరం ఐ7 కంటే ఇప్పటి ఐ3 చాలా పనుల్లో ముందుంటుంది. రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి మళ్లీ అమ్మే) సిస్టమ్‌ల ప్రకటనల్లో తరం సంఖ్య రాయకుండా ‘ఐ7’ అని మాత్రమే ఉంటే అది దాచడానికే అనుకోండి. మోడల్ సంఖ్య అడిగి, విండోస్ 11 జాబితాలో ఉందో లేదో చూసుకుని తీసుకుంటే రీఫర్బిష్డ్ తప్పేమీ కాదు. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, మార్చుకునే స్లాట్ ఉందా అన్నది అడగాలి. అతికించి ఉంటే మొదటే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి, తర్వాత పెంచే అవకాశం ఉండదు. చవక మోడళ్లలో స్టోరేజ్ ఈఎంఎంసీ (ఎస్‌ఎస్‌డీ కంటే నెమ్మదైన రకం) అని రాసి ఉంటే వదిలేయండి. ఎస్‌ఎస్‌డీ చిప్‌ల రకాల్లో టీఎల్‌సీ తీసుకుంటాను. క్యూఎల్‌సీ రకం పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు కాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక బాగా నెమ్మదిస్తుంది. ఇంకొకటి, బోర్డు మీది స్లాట్‌లోనే గుచ్చే ఎమ్.2 ఎస్‌ఎస్‌డీలు చూడటానికి ఒకేలా ఉన్నా వాటిలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. మీ బోర్డు స్లాట్ ఏది ఒప్పుకుంటుందో చూడకుండా కొంటే డబ్బాలోనే ఉండిపోతుంది.

ఆ తర్వాత

ఇంటివాళ్లకు అప్పగించిన పనులు తక్కువే. ఆరునెలలకోసారి మూత తీసి దుమ్ము ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పెట్టొద్దు, స్టాటిక్ కరెంటు భయం. ఎస్‌ఎస్‌డీలో పది, పదిహేను శాతం ఖాళీ ఉంచాలి. దానికి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌లు అక్కర్లేదు, ఎస్‌ఎస్‌డీకి కావాల్సిన ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని దానికి చెప్పడం) విండోస్ తనే చేసుకుంటుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా పోని చిన్న సమస్యలకు రీస్టార్ట్ కొట్టి చూడమన్నాను. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, విండోస్ లోపలి స్థితి కొంత డిస్క్‌లో దాచుకుని తిరిగి అదే తెస్తుంది. రీస్టార్ట్‌లో అయితే అంతా కొత్తగా మొదలవుతుంది.

బ్యాకప్ విషయంలో 3-2-1 పద్ధతి చెప్పాను: మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. వీళ్లకు అది సిస్టమ్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. కొన్ని నెలల తర్వాత చూడటానికి వెళితే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎప్పుడూ సిస్టమ్‌కు తగిలించే ఉంది. ఫైళ్లను తాళం వేసే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్నదాన్ని కూడా వదలదని చెప్పి తీయించాను. అందులోంచి ఒక ఫొటో ఫోల్డర్, ఒక లెక్కల ఫైలు తిరిగి తెప్పించి వాళ్ల కళ్ల ముందే తెరిచాం. సిస్టమ్ ఆరిపోవడం మళ్లీ జరగలేదు, గడియారం సరిగ్గా ఉంది, డెస్క్‌టాప్ అర నిమిషంలోపే వస్తోంది. కొత్త సిస్టమ్ అక్టోబర్‌కు ముందు కొంటామన్నారు.

పాత హార్డ్ డిస్క్‌ను ఏం చేయాలని పెద్దాయన అడిగారు. ఫార్మాట్ చేసి సినిమాలు దాచుకోవడానికి వాడొచ్చు కదా అని ఆయన ఆలోచన. సీ5 అంకె పెరుగుతున్న డిస్క్‌లో పోయినా పరవాలేదనుకున్నవి కూడా పెట్టొద్దన్నాను. పాత సామాన్లవాళ్లకు అలాగే ఇవ్వడం కూడా మంచిది కాదు. చెడి పక్కన పెట్టిన సెక్టార్ల మీదకు మామూలుగా చెరిపే సాఫ్ట్‌వేర్ చేరలేదు, వాటిలో పాత డేటా ముక్కలు అలాగే ఉంటాయి. కాపీలన్నీ సరిచూసుకున్నాక ఆయన ఎదుటే పళ్లేలకు డ్రిల్‌తో రంధ్రాలు వేసి, ఆ తర్వాతే ఈ-వ్యర్థాల్లోకి పంపాం.